టవర్ల మధ్య వైర్‌లెస్ లింకులకు ఏ సబ్‌నెట్ ఇవ్వాలి: /30, /29, లేక /24?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: కనిగిరి చుట్టుపక్కల తొమ్మిది టవర్లు, ఫైబర్ ఒక్కచోటే ఉంది, మిగతా ఎనిమిదింటికి 5 గిగాహెర్ట్జ్ రేడియోలతో లింకులు, మొత్తం 340 మంది కస్టమర్లు. ఇన్నాళ్లూ అంతా ఒకే బ్రిడ్జి (అన్ని టవర్లనూ ఒకే నెట్‌వర్క్‌గా కలిపేది) మీద 192.168.1.0/24 అనే ఒకే సబ్‌నెట్‌లో, అంటే ఒకే అడ్రసుల గుంపులో నడిచింది (గీత తర్వాతి అంకె ఎంత పెద్దదైతే గుంపు అంత చిన్నది), అడ్రసులు చాలక పక్కనే ఇంకో /24 కలిపారు, కస్టమర్లంతా ఫైబర్ ఉన్న చోట ఒకే పెట్టెకు పీపీపీఓఈతో (యూజర్‌నేమ్, పాస్‌వర్డుతో లాగిన్ అయ్యే పద్ధతి) తగులుకుంటారు, ఇప్పుడు సాయంత్రమైతే చాలు మొత్తం నెమ్మదిస్తోంది. మీ పేరు మీద ఒక పబ్లిక్ /24 (బయటి ఇంటర్నెట్‌లో నేరుగా చెల్లే 256 అడ్రసులు) ఉంది. వచ్చే ఏడాది రింగు (ఒక లింకు తెగినా ఇంకో వైపు నుంచి దారి ఉండేలా చుట్టూ లింకులు) వేయాలని ఉంది. లింకులకు ఎంత సబ్‌నెట్ ఇవ్వాలి, పబ్లిక్ ఐపీలే ఇవ్వాలా, రేడియోల ఐపీలు ఎక్కడ పెట్టాలి.

సూటిగా చెప్తాను. ప్రతి టవర్‌లో ఒక రూటర్ పెట్టి బ్రిడ్జిని తెంచేయండి. ప్రతి వైర్‌లెస్ లింకుకూ ప్రైవేట్ అడ్రసుల్లోంచి (మన నెట్‌వర్క్ లోపల మాత్రమే చెల్లేవి) ఒక /29 ఇవ్వండి. లింకుల మీద పబ్లిక్ ఐపీలు ఒక్కటి కూడా ఖర్చు పెట్టకండి. మిగతాదంతా ఎందుకు, ఎలా అన్నదే. నేను దేవరకొండ వైపు పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, మీరున్న చోటు నుంచే మొదలుపెట్టాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు /29 సంగతి. /30లో నాలుగు అడ్రసులుంటాయి, మొదటిది నెట్‌వర్క్‌కు, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కు పోగా వాడుకోగలిగేవి రెండే. రెండు రూటర్ల మధ్య లింకు అనగానే పాఠాల్లో /30 అని చెప్తారు, ఫైబర్‌కు అది చక్కగా సరిపోతుంది. కానీ మన లింకులో ఉండేవి రెండు పెట్టెలు కావు, నాలుగు: ఇవతలి రూటర్, ఇవతలి రేడియో, అవతలి రేడియో, అవతలి రూటర్. రేడియోలు బ్రిడ్జి మోడ్‌లో ఉంటాయి కాబట్టి కస్టమర్ ట్రాఫిక్‌కు వాటి ఐపీతో పనిలేదు, కానీ సిగ్నల్ ఎంతుందో చూడాలన్నా ఫ్రీక్వెన్సీ మార్చాలన్నా మనకు కావాలి. /29లో ఎనిమిది అడ్రసులు, వాడుకోవడానికి ఆరు. నాలుగు పెట్టెలకు నాలుగు పోగా మిగిలిన రెండింటిలో ఒకటి టవర్ ఎక్కినవాడి ల్యాప్‌టాప్‌కు, ఇంకొకటి పాత రేడియో దించకముందే కొత్తది పక్కన బిగించి చూసుకోవడానికి. ఆ చివరి ఐపీ విలువ పిడుగు పడ్డ రాత్రి తెలుస్తుంది.

ఉదాహరణకు 10.254.0.8/29 అనే లింకు ఒకటి టవర్ 2కూ టవర్ 5కూ మధ్య ఉందనుకోండి:

10.254.0.9 – టవర్ 2 రూటర్
10.254.0.10 – టవర్ 5 రూటర్
10.254.0.11 – టవర్ 2 వైపు రేడియో
10.254.0.12 – టవర్ 5 వైపు రేడియో
10.254.0.13 – ల్యాప్‌టాప్
10.254.0.14 – మార్చేటప్పుడు కొత్త రేడియో

చిన్న నంబరు టవర్‌ది ఎప్పుడూ ముందు ఐపీ. కొందరు ఫైబర్‌కు దగ్గరున్న వైపుకు మొదటి ఐపీ ఇస్తారు, రింగు వేసిన రోజున ఏ వైపు దగ్గరో ఏ వైపు దూరమో చెప్పలేక ఆ పద్ధతి చెడుతుంది. టవర్ నంబరైతే మారదు. అర్ధరాత్రి ఫోన్ వచ్చినా పట్టిక తెరవకుండా అవతలి రేడియో ఐపీ నోటికి చెప్పగలగాలి, ఈ వరస పెట్టుకునేది అందుకే.

మరి /24 ఇస్తే తప్పేంటి, ప్రైవేట్ అడ్రసులకు కరువా అంటే, కరువు లేదు, 10.0.0.0/8 ఒక్కదాంట్లోనే కోటీ 67 లక్షల పైచిలుకు ఉన్నాయి. చిన్న సబ్‌నెట్ ఇచ్చేది ఆదా కోసం కాదు. లింకులో 254 ఖాళీలు కనబడితే ఎవరో ఒకరు ఏదో ఒక రోజు తొందరలో ఒక కెమెరానో, పక్క ఊరి రేడియోనో దాంట్లోనే పెట్టేస్తారు, రెండేళ్లకు అది మళ్లీ మీ పాత బ్రిడ్జే అవుతుంది. ఆరు ఖాళీలే ఉంటే ఆ దారి మూసుకుపోతుంది.

/31 గురించి కూడా చదివే ఉంటారు. 2000 డిసెంబర్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3021 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) ప్రకారం రెండే చివరలున్న లింకులో నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్ అడ్రసులు వదిలేయనక్కర్లేదు, రెండు అడ్రసులూ వాడుకోవచ్చు. పబ్లిక్ ఐపీలతో ఫైబర్ లింకులు నడిపేవాళ్లకు అది నిజంగా మేలు. మైక్రోటిక్ రూటర్ల పాత వెర్షన్లలో /31 సరిగా పనిచేయదు, అక్కడ /32 (ఒకే ఒక్క అడ్రసు) ఇచ్చి నెట్‌వర్క్ గడిలో అవతలి ఐపీ రాసి నడుపుతారు. మీ లింకులకు ఈ రెండూ అవసరం లేదు.

ఇప్పుడు /29లో ఉన్న అసలు ఇబ్బంది. నేను దీన్ని ఆలస్యంగా తెలుసుకున్నాను. రేడియో లింకు తెగింది, కానీ రెండు వైపులా ఈథర్నెట్ పోర్టులు లేచే ఉన్నాయి, రూటర్‌కు రేడియో కనబడుతోంది కదా. అప్పుడు రెండు రూటర్లూ 10.254.0.8/29 నా దగ్గరే ఉందని చాటుతూనే ఉంటాయి. మీరు ఆఫీసు నుంచి అవతలి రేడియో 10.254.0.12ను తెరవబోతే ప్యాకెట్ దగ్గరున్న టవర్ 2కు వెళ్లి, అక్కడ ఆ ఐపీ కోసం అరిచి అరిచి ఆగిపోతుంది. టవర్ 5కు రింగులో ఇంకో దారి ఉన్నా సరే, ఆ రేడియో మాత్రం అందదు. సరిగ్గా లింకు తెగినప్పుడే కదా ఆ రేడియోను చూడాల్సింది. మందు చిన్నదే: ఏ రేడియో ఏ రూటర్‌కు తగిలి ఉందో ఆ రూటర్‌లో ఆ రేడియోకు ఒక /32 స్టాటిక్ రూట్ (మనం చేత్తో రాసే దారి) రాసి, దాన్ని ఓఎస్‌పీఎఫ్‌లోకి (రూటర్లు దారులను ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) పంపండి. /29 కన్నా /32 నిర్దిష్టం కాబట్టి ప్యాకెట్ ఎప్పుడూ సరైన రూటర్‌కే వెళ్తుంది, లింకు ఉన్నప్పుడు నేరుగా, లేనప్పుడు రింగు చుట్టి. రేడియో గేట్‌వే (తన జవాబులను బయటకు పంపే రూటర్) కూడా తన వైపు రూటరే ఉండాలి, అవతలి వైపుది పెడితే జవాబు రాదు. దీన్ని ఆఫీసు కంప్యూటర్ నుంచో మానిటరింగ్ సర్వర్ నుంచో పరీక్షించండి. టవర్ 2 రూటర్ మీద నుంచే, అదే /29లోని ఐపీతో పింగ్ చేస్తే, రేడియో ఆ జవాబును తెగిపోయిన లింకు మీదే పంపబోతుంది.

ఇక పెద్ద పట్టిక. చాలామంది పొరబడేది ఇక్కడే. లింకు అడ్రసులో టవర్ నంబరు ఇరికించాలని చూస్తారు. లింకు ఏ ఒక్క టవర్‌దీ కాదు, ఇద్దరిదీ. టవర్ 2 నంబరుతో లింకు ఐపీ ఇచ్చి, ఆర్నెల్ల తర్వాత చెట్టు అడ్డమొచ్చి ఆ రేడియోను టవర్ 3 నుంచి తిప్పుకోవాల్సి వస్తే, అప్పుడు ఐపీ అబద్ధం చెప్తుంది, లేదా మొత్తం మార్చుకోవాలి. లింకులన్నిటికీ వేరే ఒక బ్లాక్ తీసిపెట్టి, వచ్చిన వరసలో ఒకటీ రెండూ మూడూ అని ఇచ్చుకుంటూ పోండి. టవర్‌కు చెందినవి మాత్రం టవర్ నంబరుతో ఇవ్వండి. నేనైతే మీకు ఇలా ఇస్తాను:

లింకులు: 10.254.0.0/22. దాంట్లో 128 /29లు వస్తాయి, మీకు పదేళ్లకు చాలు.

రూటర్ లూప్‌బ్యాక్‌లు (ఏ పోర్టుకూ ముడిపడని, రూటర్ సొంత ఐపీలు): 10.255.0.0/24 నుంచి ఒక్కో /32. ఏడో టవర్ రూటర్ 10.255.0.7. మానిటరింగ్, లాగిన్, రూటర్ ఐడీ అన్నీ దీంతోనే. లింకు ఐపీతో రూటర్‌ను మానిటర్ చేస్తే ఆ లింకు పోగానే టవరే పడిపోయినట్టు అలారం మోగుతుంది, బ్యాకప్ మీద కస్టమర్లు హాయిగా నడుస్తున్నా సరే మనకు టెన్షన్.

టవర్ పరికరాలు: ఏడో టవర్‌కు 10.7.0.0/16. దాంట్లో 10.7.0.0/24 స్విచ్, యూపీఎస్, కెమెరాలకు, 10.7.1.0/24 మొదటి సెక్టార్ రేడియోకూ (టవర్ మీద ఒక వైపు ఇళ్లకు సిగ్నల్ ఇచ్చేది) దాని కింద ఇళ్ల మీదున్న రేడియోలకూ, 10.7.2.0/24 రెండో సెక్టార్‌కు, అలా. ఒక టవర్‌కు /16 అంటే వృథా కదా అనిపిస్తుంది. అడ్రసులు వృథా అవుతాయి నిజమే, కానీ కొత్తగా చేరిన కుర్రాడికి కూడా 10.7 చూడగానే ఏ ఊరో తెలుస్తుంది, నాకు అదే ముఖ్యం.

కస్టమర్లు: 100.64.0.0/10 నుంచి. 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ఈ బ్లాక్‌ను సరిగ్గా మనలాంటి ప్రొవైడర్లు కస్టమర్లకు నాట్ (చాలామందికి ఒకే పబ్లిక్ ఐపీ పంచే పద్ధతి) వెనక ఇవ్వడానికే కేటాయించింది. కస్టమర్లకు 192.168 ఇస్తే వాళ్ల ఇంటి రూటర్‌తో కొట్టుకుంటుంది, 10 ఇస్తే ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఆఫీసు వీపీఎన్‌తో తగువు రావచ్చు. టవర్‌కు ఒక /22 రాసిపెట్టుకోండి, మొదటి టవర్‌కు 100.64.4.0/22, రెండోదానికి 100.64.8.0/22, మూడో ఆక్టెట్ (చుక్కల మధ్య మూడో అంకె) టవర్ నంబరుకు నాలుగింతలు. ఇప్పటికి అందులోంచి మొదటి /24 మాత్రమే పూల్‌గా (లాగిన్ అయినవాళ్లకు పంచే ఐపీల గుంపు) పెట్టండి, పెరిగితే పక్కనే ఖాళీ ఉంటుంది.

పీపీపీఓఈ సర్వర్‌ను ప్రతి టవర్ రూటర్ మీదా పెట్టి, పాస్‌వర్డులు సరిచూసే రేడియస్ సర్వర్ ఒక్కటే ఫైబర్ చోట ఉంచండి. కస్టమర్ ఇంట్లో ఏమీ మార్చనక్కర్లేదు, అదే యూజర్‌నేమ్‌తో దగ్గరున్న సర్వర్‌కు తనంతట తగులుకుంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: కనెక్టెడ్ రూట్లన్నీ (రూటర్‌కు నేరుగా తగిలి ఉన్నవాటి దారులు) ఓఎస్‌పీఎఫ్‌లోకి పంపే ఆప్షన్ ఆన్ చేయకండి. పీపీపీఓఈలో ఒక్కో కస్టమర్ ఒక్కో /32, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఊరు ఊరంతా లేచి పడుతుంది, ఆ మార్పులన్నీ తొమ్మిది రూటర్లకూ పాకుతాయి. పూల్ /24కు ఒక బ్లాక్‌హోల్ స్టాటిక్ రూట్ (ఎవరికీ ఇవ్వని ఐపీకి వచ్చిన ప్యాకెట్‌ను పారేసేది) రాసి, ఆ ఒక్కదాన్నే చాటండి.

192.168.1.0/24ను మేనేజ్‌మెంట్‌కు ఎందుకు వద్దంటున్నానో నా అనుభవం చెప్తాను. యుబిక్విటీ రేడియో డబ్బాలోంచి తీయగానే 192.168.1.20, మైక్రోటిక్ అయితే 192.168.88.1, ఇంటి రూటర్లు చాలావరకు 192.168.0.1 లేదా 192.168.1.1. అప్పట్లో మా రేడియోలన్నీ అలాంటి ఫ్యాక్టరీ సబ్‌నెట్‌లోనే ఉండేవి, ఒక లింకు రేడియోకు ఫ్యాక్టరీ ఐపీనే మార్చకుండా వదిలేశాం. ఒక రోజు ఇంకో టవర్‌లో మా కుర్రాడు మొరాయించిన రేడియోను రీసెట్ చేశాడు, అదీ అదే ఐపీతో లేచింది. ఆఫీసు నుంచి నేను రీసెట్ చేసినదాన్ని తెరిచాననుకుని ఫ్రీక్వెన్సీ మార్చి సేవ్ కొట్టాను. మారింది లింకు రేడియోది. మూడు ఊళ్లు ఆగిపోయాయి, నలభై కిలోమీటర్లు బండి మీద వెళ్లి ట్యాంకు ఎక్కితే గానీ మళ్లీ రాలేదు. ఫ్యాక్టరీ సబ్‌నెట్ అనేది ఖాళీగా వదిలేయాల్సిన చోటు, రీసెట్ అయిన పెట్టె అక్కడికి ఒంటరిగా వచ్చి నిలబడాలి.

బ్రిడ్జి ఎందుకు తెంచమంటున్నానో కూడా అలాంటిదే. ఒక కస్టమర్ ఇంట్లో రూటర్ మార్చుకుని, మన రేడియో నుంచి వచ్చే కేబుల్‌ను బయటి లైనుకు ఉండే వాన్ పోర్టుకు బదులు ఇంటి పరికరాలకు ఉండే లాన్ పోర్టుకు పెట్టాడు. ఆ ఇంటి రూటర్ డీహెచ్‌సీపీతో మా బ్రిడ్జి మీదున్న పరికరాలన్నిటికీ ఐపీలు పంచడం మొదలుపెట్టింది, ఏడు టవర్లలో. రూటర్ ఉన్న టవర్ అయితే ఆ గొడవ ఒక్క సెక్టార్ దాటదు. మీ సాయంత్రం నెమ్మదికి కూడా బ్రాడ్‌కాస్ట్ ట్రాఫిక్‌లో ఎంతో కొంత వాటా ఉండే ఉంటుంది, ఎవరో ఒకరి ఏఆర్‌పీ ప్రశ్న (ఈ ఐపీ ఎవరిది అని అందరినీ అడిగేది) తొమ్మిది టవర్ల గాలిలోనూ తిరగాలి కదా. మొత్తం తప్పు దానిదే అని మాత్రం అనను, సెక్టార్ నిండిపోయి ఉంటే సబ్‌నెట్ మార్చినా తీరదు, అది విడిగా చూసుకోండి.

పబ్లిక్ /24 సంగతి. దాన్ని బంగారంలా చూసుకోండి. 2019 ఫిబ్రవరి నుంచి ఎపినిక్ (ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఐపీలు కేటాయించే సంస్థ) కొత్త సభ్యులకు గరిష్ఠంగా /23 మాత్రమే ఇస్తోంది, అంటే 512 అడ్రసులు, ఇక ఆపైన కావాలంటే బయట కొనుక్కోవడమే. మీ అప్‌స్ట్రీమ్‌తో (మీకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) లింకుకు వాళ్లే తమ పబ్లిక్ /30 ఇస్తారు, మీది అక్కర్లేదు. సగం, అంటే /25, నాట్‌కు పెట్టండి. ఒక్కో పబ్లిక్ ఐపీకి 16 మంది కస్టమర్లను కేటాయిస్తే ఒక్కొక్కరికి 4,032 పోర్టులు (ఒకే ఐపీ మీద కనెక్షన్లను వేరుచేసే నంబర్లు) వస్తాయి, 340 మందికి 22 ఐపీలు చాలు. ఏ కస్టమర్‌కు ఏ పోర్టులో ముందే లెక్కగా రాసిపెట్టే పద్ధతి వాడండి. మన లైసెన్సు ప్రకారం ఐపీ వివరాల రికార్డులు భద్రపరచాలి, 2021 డిసెంబర్ సవరణతో ఆ గడువు కనీసం రెండేళ్లయింది. ఏ నిమిషానికి ఏ ఐపీ ఎవరి దగ్గరుందో రేపు పోలీసులు అడిగితే చెప్పాలి కదా, సబ్‌నెట్ పట్టిక శుభ్రంగా ఉంటే ఆ పని చాలా తేలికవుతుంది. మిగతా సగంలోంచి బ్యాంకులకు, కాలేజీలకు స్టాటిక్ ఐపీలు ఇవ్వండి.

ఆ /24ను టవర్ల మధ్య ముక్కలు చేసినా బయట ప్రపంచానికి మాత్రం /24గానే చాటాలి, అంతకన్నా చిన్న ముక్కను చాలా నెట్‌వర్క్‌లు తీసుకోవు. సరిహద్దు రూటర్‌లో ఆ /24కు ఒక బ్లాక్‌హోల్ రూట్ తప్పనిసరిగా రాయండి. లేకపోతే మీరు ఇంకా ఎవరికీ ఇవ్వని ఐపీకి ఎవడైనా బయట నుంచి స్కాన్ చేస్తే, ఆ ప్యాకెట్ మీ దగ్గరకు వచ్చి, డిఫాల్ట్ రూట్ పట్టుకుని మళ్లీ అప్‌స్ట్రీమ్‌కు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ మీ దగ్గరకు, అలా బంతాట ఆడుతూనే ఉంటుంది.

ప్రైవేట్ ఐపీలు లింకుల మీద పెడితే ట్రేస్‌రూట్‌లో (ప్యాకెట్ వెళ్లే దారి చూపే ఆదేశం) 10.254 కనబడుతుంది, దానివల్ల నష్టం లేదు. నష్టం వచ్చేది ఎంటీయూ (లింకు మీద పట్టే అతి పెద్ద ప్యాకెట్ సైజు) తేడా ఉన్నప్పుడు. ప్యాకెట్ పెద్దదైంది, చిన్నది చేసి పంపు అని చెప్పే ఐసీఎంపీ సందేశం 10తో మొదలయ్యే ఐపీ నుంచి బయటకు వెళ్తే దారిలో ఎవరో పడేస్తారు. అప్పుడు కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి, కస్టమర్ చెప్పేది మనకు అర్థం కాదు. లింకులన్నిటి మీదా ఎంటీయూ 1500 ఒకేలా ఉంచండి, పీపీపీఓఈ 1492 అవుతుంది కాబట్టి టీసీపీ ఎంఎస్‌ఎస్‌ను (ఒక ప్యాకెట్‌లో పట్టే అసలు డేటా పరిమితి) 1452కు కట్టేయండి.

ఓఎస్‌పీఎఫ్‌కు తొమ్మిది టవర్లంటే ఒక్క ఏరియా చాలు, ఏరియాలు విడదీసే పని పెట్టుకోకండి. లింకు ఇంటర్‌ఫేసులను పాయింట్ టు పాయింట్ రకంగా పెట్టండి, డీఆర్ (లింకు మీది రూటర్లలో పెద్దగా ఎంచుకునేది) ఎన్నిక కోసం ఆగడం తప్పుతుంది. ఒక చిన్న గుర్తు: బ్రాడ్‌కాస్ట్ రకంలో ఒక వైపు /29, ఇంకో వైపు పొరపాటున /30 పడితే రెండు రూటర్లూ పొరుగువాళ్లు కానే కావు, పాయింట్ టు పాయింట్‌లో మాస్కు (గీత తర్వాతి అంకె) తేడాను పట్టించుకోదు. అంటే తప్పు దాక్కుంటుంది, లింకు లేచింది కదా అని మాస్కు చూడకుండా వదలకండి. రూటర్లు పొరుగువాళ్లయ్యే క్రమం ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గరే ఆగిపోతే ముందు చూడాల్సింది ఎంటీయూ. కస్టమర్ వైపు, సెక్టార్ వైపు ఇంటర్‌ఫేసులన్నీ పాసివ్, అంటే వాటి మీద ఓఎస్‌పీఎఫ్ మాట్లాడకూడదు.

ఐపీవీ6 (కొత్త తరహా పొడవైన ఐపీ అడ్రసులు) ఇప్పుడు వద్దనుకున్నా పట్టికలో దాని గడి మాత్రం ఉంచండి. మీకు /32 వస్తే టవర్‌కు ఒక /48, కస్టమర్‌కు ఒక /56, అంటే టవర్‌కు 256 మంది. లింకుకు ఒక /64 రాసిపెట్టి రూటర్ల మీద /127 వాడండి, 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6164 చెప్పేది అదే.

చివరిగా మార్చే క్రమం, ఎందుకంటే పట్టిక ఎంత బాగున్నా మార్చే రాత్రి తప్పు జరిగితే ఊళ్లు ఆగుతాయి. ముందు తొమ్మిది చోట్లా రూటర్లు పెట్టి, పోర్టులన్నీ బ్రిడ్జిలోనే ఉంచండి, అప్పటికి ఏమీ మారదు. ఆ బ్రిడ్జి మీదే 10.253.0.0/24 అని ఒక తాత్కాలిక సబ్‌నెట్ రూటర్లన్నిటికీ ఇచ్చి ఓఎస్‌పీఎఫ్ దాని మీద లేపండి. తర్వాత అన్నిటికన్నా చివరన ఉన్న టవర్‌తో మొదలుపెట్టి లోపలికి రండి. ఆ లింకు పోర్టును రెండు వైపులా బ్రిడ్జిలోంచి తీసి కొత్త /29 పెట్టండి, ఆ టవర్‌లో పీపీపీఓఈ లేపండి, తప్పు జరిగినా ఆ ఒక్క ఊరే ఆగుతుంది. ఫైబర్ వైపు నుంచి మొదలుపెడితే పాత 192.168.1.0/24 రెండు ముక్కలై దూరంగా ఉన్నవన్నీ ఒక్కసారే చేయి జారిపోతాయి. ఎప్పుడూ దూరపు వైపు ముందు మార్చాలి, తర్వాత దగ్గరి వైపు. మైక్రోటిక్‌లో సేఫ్ మోడ్ నొక్కి పనిచేయండి, మధ్యలో కనెక్షన్ తెగితే మార్పులు వాటంతట అవే వెనక్కి పోతాయి. రాత్రికి ఒక్క టవరే, రెండు వద్దు.

రేడియోలకు కొత్త ఐపీ ఇచ్చాక పాత ఐపీని వెంటనే తీసేయకండి. రెండో ఐపీ పెట్టుకోనిచ్చే రేడియో అయితే వారం రోజులు రెండూ ఉంచండి. ఆ వారంలో మానిటరింగ్‌లో, బిల్లింగ్‌లో, ఎప్పుడో రాసిన స్క్రిప్టుల్లో పాత ఐపీ ఎక్కడెక్కడ ఉందో ఒక్కొక్కటిగా బయటపడుతుంది. పట్టిక నెట్‌బాక్స్‌లో (ఐపీల లెక్క రాసుకునే సాఫ్ట్‌వేర్) పెట్టినా, మామూలు ఎక్సెల్ షీట్‌లో పెట్టినా ఫరవాలేదు, టవర్ దిగే ముందే నింపాలి. మీ ఎనిమిది లింకులు ఏ టవర్ నుంచి ఏ టవర్‌కో ఇక్కడ రాస్తే /29లన్నీ వరసగా వేసి పట్టిక నేనే పెడతాను, రింగు కోసం అనుకుంటున్న లింకు ఏదో కూడా చెప్పండి.